రక్తం గడ్డ కరిగాక మిగిలే కాలు

డిశ్చార్జి కాగితంలో డీవీటీ (లోతు సిరలో రక్తం గడ్డ కట్టడం) అని రాసి, కొన్ని నెలలు రక్తం పలచబరిచే మాత్రలు వాడించి, 'ఇక భయం లేదు' అని డాక్టరు చెప్పగానే చాలామంది ఆ ఫైలును బీరువాలో పెట్టేస్తారు. ప్రాణభయం మటుకు నిజంగానే తగ్గి ఉంటుంది. కాలి సంగతి వేరు. ఏడాదికో రెండేళ్ళకో సాయంత్రమయ్యేసరికి చీలమండ దగ్గర వాపు మొదలవుతుంది. పిక్క బరువెక్కుతుంది, దురద పెడుతుంది. లోపలి వైపు చర్మం గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది. కొందరికి అక్కడే పుండు పడి నెలల తరబడి మానదు. లోతు సిరలో గడ్డ కట్టినవారిలో నూటికి 20 నుంచి 50 మంది దాకా ఏదో ఒక స్థాయిలో ఈ దశకు వస్తారు. వారిలో కొద్దిమందికి, అంటే మొత్తం మీద 5 నుంచి 10 శాతానికి, ఇది తీవ్రంగా ముదురుతుంది. డాక్టర్లు దీన్ని పోస్ట్ త్రాంబోటిక్ సిండ్రోమ్ అంటారు.

దీనికి ఆపరేషన్ ఉందా? ఉంది, ఒకటి కాదు, నాలుగైదు రకాలున్నాయి. మీ కాలికి ఏది పనికొస్తుంది, అసలు ఏదైనా అవసరమా అన్నది తేల్చుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

అది తేల్చుకోవడంలో జంషెడ్‌పూర్‌లోని మన తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేక చిక్కు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చి కద్మా, సోనారి, గోల్మురి, టెల్కోల్లో తరాలుగా స్థిరపడ్డవాళ్ళు చాలామంది. వాళ్ళు వదిలి వచ్చిన ఉత్తరాంధ్రా, వచ్చి చేరిన సింగ్‌భూమ్ ప్రాంతమూ రెండూ బోదకాలు ఉన్న నేలలే. అందుకని ఒక కాలు వాచిందంటే ఇంట్లో పెద్దలు ముందు అనేమాట 'ఫైలేరియా'. ఇక్కడి ఇరుగుపొరుగు 'ఫీల్‌పావ్' అంటారు. ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రల కోర్సు మీద కోర్సు మింగుతూ ఏళ్ళు గడిపేస్తారు. రెంటికీ తేడా చాలావరకు కంటికే తెలుస్తుంది. బోదకాలులో పాదం పైభాగం, వేళ్ళు కూడా ఉబ్బుతాయి. రెండో కాలివేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి ఎత్తబోతే లేవదు. సిరల జబ్బులో వేళ్ళను చాలావరకు వదిలేసి చీలమండ నుంచి పిక్క దాకా వాపు ఉంటుంది. రంగు మారడం, పుండు పడడం చీలమండ లోపలి వైపు మొదలవుతాయి. అనుమానం తీరకపోతే సిరల్లో రక్తప్రవాహం చూపే డాప్లర్ స్కాన్ తీస్తే సరి. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు కూడా ఎక్కువే. చిన్న వయసులో చీలమండ దగ్గర పుండు పడితే ఆ రక్తపరీక్ష కూడా చేయించాలి. కారణం అదైతే సిరల ఆపరేషన్ చేయించుకుని ప్రయోజనం లేదు.

ఇప్పుడు కాలి లోపల ఏం జరుగుతోందో చూద్దాం. ప్లాంటులో పనిచేసినవారికి నాన్ రిటర్న్ వాల్వ్ గురించి చెప్పనక్కర్లేదు. నీటిని పైకి పంపే పైపులో అది పాడైతే పంపు ఎంత గట్టిగా కొట్టినా నీళ్ళు వెనక్కి జారిపోతాయి. కాలి సిరల్లోనూ అలాంటి వాల్వులున్నాయి, పంపు పని పిక్క కండరం చేస్తుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నాలుగడుగులు వేయగానే పిక్క పిండేసి ఆ ఒత్తిడిని 30 కన్నా కిందికి దించుతుంది. గడ్డ కట్టిన సిర అలా ఉండదు. గడ్డ కొంత కరిగినా, మిగిలింది గోడకు అతుక్కుని మచ్చగా మారుతుంది. వాల్వు రేకులు ఆ మచ్చలో కూరుకుపోతాయి. అప్పుడు నడిచినా ఒత్తిడి దిగదు. రాత్రి పడుకున్నప్పుడు తప్ప రోజంతా చర్మం ఆ ఒత్తిడిలోనే ఉంటుంది. రక్తకణాలు బయటికి కారి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుంటుంది. ఆ గోధుమరంగు దానివల్లనే.

కాబట్టి డాక్టరును ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'నా కాల్లో దారి మూసుకుపోయిందా, వాల్వు లీకవుతోందా, రెండూనా? ఎక్కడ?' దీనికి జవాబు లేకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే ఆ తేదీ తీసుకోకండి. గజ్జకు కింద ఉన్న సిరలు మామూలు డాప్లర్‌లో బాగానే కనిపిస్తాయి. దాన్ని నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి మాత్రమే తీసిన రిపోర్టులో లీకు సరిగా తేలదు. గజ్జకు పైన, పొత్తికడుపు లోపలి ఇలియాక్ సిరలు డాప్లర్‌కు చాలాసార్లు చిక్కవు. వాటికి సీటీ లేదా ఎంఆర్ వీనోగ్రామ్ కావాలి. తొడ మొత్తం వాచి, నాలుగడుగులు వేస్తేనే కాలు పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చి, కూర్చుని కాలు ఎత్తితే తగ్గుతుంటే, అడ్డం పైనే ఉందని అనుమానించాలి.

ఎడమకాలికి ఒక ప్రత్యేకత ఉంది. ఎడమవైపు ఇలియాక్ సిర, కుడివైపు ధమనికీ వెన్నెముకకూ మధ్య నలుగుతుంది. ఈ నొక్కును 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వర్ణించారు కాబట్టి దానికి వాళ్ళ పేరే ఉండిపోయింది. గర్భిణులకు, బాలింతలకు గడ్డ ఎక్కువగా ఎడమకాల్లోనే రావడానికి ఇది ఒక కారణం. మన ఇళ్ళలో బాలింతను మంచం దిగనివ్వకపోవడం, దాహం వేసినా నీళ్ళు తక్కువగా ఇవ్వడం ఇంకా అక్కడక్కడ జరుగుతోంది. ప్రసవం తర్వాతి ఆరువారాలు రక్తం తేలిగ్గా గడ్డకట్టే కాలం. ఆ రోజుల్లో ఈ ఆచారం పాటించకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఆపరేషన్ సంగతికి ముందు, కాలిని బిగించి పట్టే ఒత్తిడి మేజోళ్ళ సంగతి. చాలామంది 'వేసుకున్నాను, పనిచేయలేదు' అంటారు. అడిగి చూస్తే పదిరోజులు వేసుకుని మే నెల ఎండకు తీసేసి ఉంటారు. జంషెడ్‌పూర్ ఎండలో, పైగా ఫర్నేసు దగ్గర డ్యూటీ చేసేవాళ్ళకు అది కష్టమే, కాదనను. అయినా పద్ధతిగా వాడి చూడకుండా ఆపరేషన్‌కు వెళ్ళడం తొందరపాటు. కొలతలు పొద్దున్నే, వాపు లేనప్పుడు తీయించుకోండి. తొడదాకా ఉండేవి అక్కర్లేదు, చాలామందికి మోకాలి కిందిదాకా ఉంటే చాలు. వేళ్ళు తెరిచి ఉండే రకం మన వాతావరణానికి నయం. తీవ్రమైన కాలికి సాధారణంగా 30 నుంచి 40 మిల్లీమీటర్ల ఒత్తిడివి రాస్తారు. పొద్దున మంచం దిగకముందే తొడగాలి. లేచి తిరిగాక తొడగబోతే సగం వాపు అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఉంగరాలు తీసి, వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. మేజోడును మడమ దాకా లోపలివైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి జరపండి. పై అంచును మడవకండి. మడిచిన చోట ఒత్తిడి రెట్టింపై కాలిని కోసేస్తుంది. చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. ఆరు నెలలకు సాగిపోతాయి, కొత్తవి కొనాలి. బీడీ, ఖైనీ అలవాటున్నవారు, షుగర్ ఉన్నవారు మేజోడు తొడగకముందే పాదంలో ధమనుల రక్తప్రసరణ సరిగా ఉందో లేదో చూపించుకోవాలి. అది తక్కువగా ఉన్న కాలికి గట్టి మేజోడు తొడిగితే వేళ్ళకే ప్రమాదం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. గడ్డ కట్టిన రోజునుంచీ మేజోళ్ళు వేసుకుంటే ఈ జబ్బు రాకుండా పోతుందని చాలాకాలం నమ్మారు. 2014లో 806 మంది మీద వచ్చిన సాక్స్ ట్రయల్ ఆ నమ్మకాన్ని తీసేసింది. మేజోళ్ళు జబ్బును ఆపవు. వచ్చిన వాపునూ బరువునూ అదుపులో ఉంచుతాయి, పుండును మాన్పడానికి సాయపడతాయి. అదే గొప్ప. దాంతోపాటు రోజూ నడక, నిలబడి మడమలెత్తి దించడం, బరువు తగ్గడం, మంచం కాళ్ళవైపు రెండేసి ఇటుకలు పెట్టడం. పుండు ఉంటే పసుపు, ఆకుపసరు, మందుల షాపువాడు ఇచ్చిన ప్రతి ఆయింట్‌మెంటూ రాయకండి. ఈ చర్మానికి అలర్జీ చాలా త్వరగా వస్తుంది, పుండుకన్నా దాని చుట్టూ వచ్చే ఎగ్జిమా ఎక్కువ బాధపెడుతుంది. మామూలు డ్రెస్సింగు మీద పొరలు పొరలుగా కట్టే ఒత్తిడి కట్టే అసలు మందు. నెలలు గడిచినా మానని పుండుకు చిన్న ముక్క తీసి క్యాన్సర్ లేదని చూడడం కూడా అవసరమే.

ఇవన్నీ కొన్ని నెలలు చేశాక కూడా కాలు బతుకును శాసిస్తుంటే, ఆపరేషన్ మాట ఎత్తడం న్యాయం.

పైన ఇలియాక్ సిరలో అడ్డముంటే ఇవాళ ముందు చూసేది స్టెంట్. తొడలోనో మోకాలి వెనకో సిరలోకి సూదితో దూరి, మూసుకుపోయిన దారిగుండా సన్నటి తీగ పంపి, బెలూన్‌తో వెడల్పు చేసి లోహపు వల నిలబెడతారు. పెద్ద కోత ఉండదు. సిర లోపలినుంచే చూసే అల్ట్రాసౌండ్ ఉన్నచోట చేయించుకుంటే మంచిది. ఎక్కడినుంచి ఎక్కడిదాకా వల వేయాలన్నది దానితో బాగా తెలుస్తుంది. ఈ పనిని అందరికన్నా ఎక్కువగా చేసి లెక్కలు రాసినవారిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం, జాక్సన్‌లో పనిచేసిన పీటర్ నెగ్లెన్, శేషాద్రి రాజు ముఖ్యులు. 2007లో వాళ్ళు ప్రచురించిన లెక్కల ప్రకారం, గడ్డ వల్ల పాడైన సిరల్లో వేసిన స్టెంట్లు ఆరేళ్ళకు మళ్ళీ ముట్టుకోకుండా తెరిచి ఉన్నవి 57 శాతం. మూసుకుపోయినవాటిని మళ్ళీ తెరిచి నిలబెట్టినవి కూడా కలిపితే 86 శాతం. గడ్డ లేకుండా నొక్కు మాత్రమే ఉన్నవారిని కూడా కలుపుకుని చూస్తే, ఐదేళ్ళకు నొప్పి పూర్తిగా పోయినవి 62 శాతం కాళ్ళు, వాపు పూర్తిగా పోయినవి 32 శాతమే. ఈ రెండంకెలూ గుర్తుపెట్టుకోండి. నొప్పి కోసం స్టెంట్ వేయించుకునేవాడికి ఆశపడే హక్కుంది. 'కాలు మునుపటిలా సన్నబడాలి' అని వేయించుకునేవాడు నిరాశపడే అవకాశమే ఎక్కువ.

స్టెంట్ నిలుస్తుందా లేదా అన్నది స్టెంట్‌కన్నా దాని కిందినుంచి వచ్చే రక్తం మీద ఆధారపడుతుంది. గజ్జ దగ్గరి సిర కూడా మచ్చలతో నిండిపోయి ఉంటే పైన ఎంత మంచి వల వేసినా ప్రవాహం లేక మూసుకుపోతుంది. అలాంటప్పుడు గజ్జలో కోసి, సిర తెరిచి, లోపలి మచ్చల పొరలను గీకి తీసేసి, స్టెంట్‌ను అక్కడిదాకా దించుతారు. కొన్నిసార్లు ప్రవాహం పెంచడానికి పక్కనున్న ధమనికీ సిరకూ మధ్య తాత్కాలికంగా దారి కలుపుతారు. ఇది పెద్ద ఆపరేషన్. గజ్జలో గాయం చీము పట్టడం, నీరు కారడం తక్కువేమీ కాదు. 'నా గజ్జ సిరలో రక్తం ఎలా వస్తోంది?' అన్న ప్రశ్నకు సర్జను బొమ్మ గీసి చూపించగలగాలి.

ఇరవై నాలుగేళ్ళ బాలింతకూ అరవై ఏళ్ళ రిటైర్డ్ ఫోర్‌మన్‌కూ ఒకే సలహా చెల్లదు. ఆ అమ్మాయి కాల్లో ఆ లోహపు వల ఇంకో యాభై ఏళ్ళు ఉండాలి. మధ్యలో మరో కాన్పు రావచ్చు. అంత దీర్ఘకాలపు అనుభవం స్టెంట్లకు ఇంకా లేదు. కాబట్టి మేజోళ్ళతో సంసారం నడిచే పరిస్థితి ఉంటే ఆగడమే మంచిదని నా అభిప్రాయం. పుండు మానక ఉద్యోగం పోయే స్థితిలో ఉన్నవారి లెక్క వేరు.

స్టెంట్ కుదరనిచోట బైపాస్ ఉంది. మంచికాలి పైసిరను విడదీసి, పొత్తికడుపు కింద చర్మం లోపలినుంచి తెచ్చి జబ్బుకాలి సిరకు కలపడం. 1950ల చివర్లో ఉరుగ్వే సర్జను ఎదువార్దో పాల్మా మొదలుపెట్టాడు కాబట్టి అది పాల్మా ఆపరేషన్ అయింది. స్టెంట్లు వచ్చాక అరుదైపోయింది.

ఇక వాల్వులు. 1968లో హోనోలూలూలో రాబర్ట్ కిస్ట్‌నర్ తొడ సిర తెరిచి సాగిపోయిన వాల్వు రేకులను కుట్టి బిగించాడు. అయితే గడ్డ తినేసిన వాల్వులో కుట్టడానికి రేకులే మిగలవు. అందుకని చంక సిరనుంచి వాల్వు ఉన్న ముక్కను తెచ్చి కాలిలో అతకడం, ఇటలీలో ఆస్కార్ మలేటి చేసినట్టు మచ్చపట్టిన గోడనుంచే కొత్త రేకు చెక్కడం వంటివి వచ్చాయి. ప్రపంచంలోనే కొద్దిచోట్ల జరిగే పనులివి. 'వాల్వు మార్చేద్దాం' అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఇప్పటిదాకా ఎన్ని చేశారో, ఎన్ని నిలిచాయో అడగండి.

పైసిరల లేజర్ సంగతి మటుకు కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ప్రకటనలన్నీ దానివే. కాలి మీద ఉబ్బిన సిరలుంటే లేజర్‌తో కాల్చేస్తామంటారు. మామూలు వెరికోస్‌కు అది చక్కటి చికిత్స. బ్రిటన్‌లో 450 మంది పుండు రోగుల మీద జరిగి 2018లో వచ్చిన ఈవ్రా ట్రయల్‌లో, పైసిరను వెంటనే మూసేసినవారిలో సగంమందికి పుండు 56 రోజుల్లో మానింది, ఆలస్యం చేసినవారిలో సగంమందికి మానడానికి 82 రోజులు పట్టింది. కాని లోతు సిర మూసుకుపోయిన కాల్లో ఉబ్బిన ఆ పైసిరే రక్తానికి మిగిలిన దారి కావచ్చు. దాన్ని కాల్చేస్తే కాలు మరింత వాస్తుంది. లోతు సిర తెరుచుకుని ఉందని డాప్లర్‌లో రాసి ఉంటేనే లేజర్ గురించి మాట్లాడాలి. ఉచిత క్యాంపులో పదినిమిషాలు చూసి తేల్చే విషయం కాదు.

ఎక్కడికి వెళ్ళాలి? మొదటి పరీక్షలకు, కట్లకు ఊరు దాటనక్కర్లేదు. 1908 నాటి టాటా మెయిన్ హాస్పిటల్, ఎంజీఎం ఆసుపత్రి ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికులకు ఈఎస్ఐ ఉంది. లోతు సిరల స్టెంట్‌కు మాత్రం వాస్క్యులర్ సర్జన్ ప్రత్యేకంగా ఉన్నచోటికి రిఫరల్ అడగండి. కోల్‌కతా మనకు దగ్గరే. వేలూరు సీఎంసీకి వెళ్ళడం జార్ఖండ్ వాళ్ళకు అలవాటే. భాష, బంధువులు చూసుకుంటే హైదరాబాద్ నిమ్స్‌లో వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబర్ 23న ప్రారంభమైంది మన రాంచీలోనే. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వర్తిస్తుంది. అయితే మీకు చెప్పిన ఆపరేషన్, ఆ స్టెంటు ధర ప్యాకేజీలోకి వస్తాయో లేదో అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆయుష్మాన్ మిత్రను అడిగి తెలుసుకోండి. తర్వాత వాడాల్సిన మాత్రల ఖర్చు, ఫాలో అప్ డాప్లర్లు, రైలు చార్జీలు కూడా కలిపి లెక్క వేయండి.

స్టెంట్ వేశాక రక్తం పలచబరిచే మందు తప్పనిసరి. గడ్డ వల్ల పాడైన సిరలో కనీసం కొన్ని నెలలు, చాలామందికి ఏళ్ళ తరబడి. వార్ఫరిన్ అయితే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష అంకెను 2, 3 మధ్య ఉంచుకోవాలి. గోంగూర, తోటకూర, మునగాకు మానేయమని కొందరు చెబుతారు. మానక్కర్లేదు. వారానికి ఎంత తింటారో అంతే, మారకుండా తినండి. ఒక వారం రోజూ ఆకుకూరే తిని మరుసటి వారం అసలు ముట్టుకోకపోతే ఐఎన్ఆర్ ఎగుడుదిగుడవుతుంది. కీళ్ళనొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోకండి. పూజకో వ్రతానికో నెలసరి వాయిదా వేసే మాత్రలు డీవీటీ వచ్చిన స్త్రీలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పెళ్ళికో సంక్రాంతికో ఊరికి వెళ్ళేటప్పుడు మందులు నాలుగు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. స్టెంట్ మూసుకుపోవడానికి మాత్ర మానడం తరచు కనిపించే కారణం. రైల్లో గంటకోసారి లేచి బోగీ ఆ చివరిదాకా నడిచి రండి.

ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పాలి. కాలు ఒక్కరోజులో కొత్తగా వాచినా, స్టెంట్ ఉన్నవైపు తొడ బిగుసుకుపోయినా అదే రోజు డాప్లర్ తీయించుకోండి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం పడినా గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి, తెల్లారేదాకా ఆగకండి. వెళ్ళగానే, అడగకపోయినా, 'నాకు ఇదివరకు డీవీటీ వచ్చింది' అని మొదటి మాటగా చెప్పండి.